పట్నానికి తిరిగి పోదామా?

(సంఘం వార్షిక సభలో చేసిన ఉపన్యాసం)



పాఠశాలలో మేము రోజంతా ఉర్దూలో పాఠం చెప్పుతాము. ఈ సభలో మాత్రం తెలుగులో మాట్లాడవలెనని కార్యదర్శిగారి ఆజ్ఞ. కారణం అడిగితే, "సార్, సావనీరు ఇంటికి పోయినాక దానిని చదివేది పిల్లలు, కోడళ్ళు. వారిలో సగం మందికి ఉర్దూ మాట వస్తుంది గాని అక్షరం రాదు" అన్నారు. ఉర్దూ పంతులుకు ఇంతకంటె పెద్ద చురక ఉండదు. చురకను స్వీకరించి తెలుగులోనే మనవి చేసుకుంటున్నాము. తప్పులుంటే మా తెలుగు సార్లు దిద్దుకోగలరు.

ఇక విషయానికి వస్తాము. హైదరాబాదు నుండి ఉద్యోగం వల్లనో, వ్యాపారం వల్లనో, పెళ్ళి సంబంధం వల్లనో ఈ మహబూబ్‌నగర్ చేరిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నవి. ఇరవై ఏండ్ల నుండి ఇక్కడ ఉన్నవారు కూడా "మా ఊరు" అంటే పట్నమే అంటారు. రంజాను నెల వచ్చిందంటే ప్రతి ఇంట్లో ఒకటే మాట, "ఎప్పుడు తిరిగి పోదాము?" అని. ఈ సంవత్సరం నలుగురు సభ్యులు విడివిడిగా మా ఇంటికి వచ్చి ఈ సంగతే అడిగినారు. ఒకరు ఇక్కడి ప్లాటు అమ్మి అక్కడ ఫ్లాటు కొనుక్కోవచ్చునా అని అడిగితే, ఇంకొకరు పిల్లలను అక్కడ ఉంచి తాము ఇక్కడి నుండి పోయివస్తూ ఉంటే ఎట్లా ఉంటుందని అడిగినారు. మాకు జవాబు తెలుసునని కాదు, మా ఇంట్లో కూడా అదే ప్రశ్న నడుస్తున్నదని వారికి తెలిసి వచ్చినారు. కనుక మా ఇంటి లెక్కనే మీ ముందు విప్పి పెడుతున్నాము.

ముందు ఒక చిన్న లెక్క. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లాలో ఉన్నవారు 39 లక్షల 43 వేలు. అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లా, అనగా 2016లో ముక్కలు కాకముందు ఉన్న పాలమూరు జిల్లా, జనాభా 40 లక్షల 53 వేలు. ఇంచుమించు ఇద్దరూ సమానమే. అయితే పాలమూరు వారు 18 వేల 4 వందల చదరపు కిలోమీటర్లలో ఉంటే, హైదరాబాదు వారు 217 చదరపు కిలోమీటర్లలో ఉన్నారు. ఈ లెక్క మేము ఎనిమిదో తరగతి పిల్లలకు భాగహారం కింద ఇచ్చినాము. చేసి చూసి ఒక పిల్లవాడు, "సార్, వాళ్ళు నిలబడి నిద్రపోతారా?" అని అడిగినాడు. యాకుత్‌పురా, తలాబ్‌కట్టా గల్లీలు చూసినవారు ఆ ప్రశ్నకు నవ్వలేరు.

ఈ ఇరుకు నిన్న మొన్నటిది కాదు. 1591లో చార్మినారు కట్టిననాడు ఆ పట్నం కొంత జనానికి కొలత పెట్టి వేసినది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి కొన్ని ఇరుకు బస్తీలను తీసి రోడ్లు వేసినారు. కాని మన పెద్దల దేవిడీలు మాత్రం గోడ మీద గోడ లేచి పోర్షన్లు అయినవి. 1970ల తరువాత గల్ఫు డబ్బు వచ్చి పడినది. జిద్దా పోయినవాడు మొదట కొన్నది తన మహల్లాలోనే కొన్నాడు, ఎందుకంటే అమ్మ అక్కడ ఉన్నది, మసీదు అక్కడ ఉన్నది. అందరూ ఒకే గల్లీలో కొంటే గజం ధర ఎందుకు పెరగదు?

ఇంకొక సంగతి. పోయినవారు తిరిగి రావడం కూడా మొదలైనది. 2017 జూలై నుండి సౌదీ ప్రభుత్వం అక్కడ ఉన్న విదేశీయుల కుటుంబసభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టింది. సంవత్సరానికి 100 చొప్పున పెంచుతూ 2020 నాటికి దానిని 400 చేసింది. మా తమ్ముడు జిద్దాలో ఉండెను. భార్య, ముగ్గురు పిల్లలు, మొత్తం నాలుగు తలలు. మొదటి ఏడు నెలకు 400 రియాళ్ళు, రెండో ఏడు 800, మూడో ఏడు 1200, నాలుగో ఏడు 1600 అని కాగితం మీద వేసుకొని, అతడు 2019లో పెట్టెలు కట్టినాడు. ఇటువంటివారు ఎందరో. వారందరూ దిగినది హైదరాబాదులోనే. మన సభ్యులలో కూడా అట్లా వచ్చిన కుటుంబాలు ఉన్నవి. వారిని చూసి మేము నేర్చుకున్నది ఏమనగా, తిరిగి పోయినవానికి ఖాళీ స్థలం ఎదురుచూస్తూ ఉండదు. వాని వాటా గదిలో ఈలోగా ఇంకెవరో సామాను పెట్టుకొని ఉంటారు.

మరి ఇంత తెలిసీ ఎందుకు పోవలెనని అంటారా? మాకున్న మొదటి కారణం మా అమ్మీ. డెబ్భై దాటినవి. అబ్బా పోయిన తరువాత యాకుత్‌పురా ఇంట్లోనే ఉంటున్నారు. భాయిజాన్, అనగా మా పెద్దన్నగారు, పైఅంతస్తులో ఉన్నారు. కనుక ఒంటరి అనరాదు. కాని మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి పైఅంతస్తు కూడా వేరే ఊరే. ఇక్కడికి తీసుకొని వస్తే పది రోజులు సంతోషంగా ఉంటారు, పదకొండో రోజున సంచి సర్దుతారు. "ఇక్కడ గాలి బాగుంది, నీళ్ళు బాగున్నవి, పలకరించేవాళ్ళే లేరు" అంటారు. అక్కడ ఆమె గుమ్మంలో కూర్చుంటే కూరగాయల బండివాని నుండి ఖబరస్తాను కాపలాదారు వరకు అందరూ సలాము చేసి పోతారు. మహబూబ్‌నగర్ పోయే రైలు పట్టాలు ఆ దిక్కు నుండే పోతాయి. రాత్రి బండి చప్పుడు వినబడితే, "ఇది నీ ఊరు బండి" అని మాకు ఫోను చేసిన రోజులు ఉన్నవి.

రెండో కారణం మా పెద్దమ్మాయి. ఇంటర్మీడియటు అయినది. డిగ్రీకి కోఠీ మహిళా కళాశాలే కావాలంటున్నది. 1924లో మొదలైన ఆ కళాశాలను 2022లో మహిళా విశ్వవిద్యాలయం చేసినారు. ఇక్కడ కళాశాలలు లేవని కాదు. ఆడపిల్లలకు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది, 2008 నుండి పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నది. కాని పిల్ల ఒక చోటు మీద మనసు పెట్టుకుంటే, ఖర్చు చూపించి కాదనడానికి తండ్రికి నోరు రాదు.

మూడో కారణం చెప్పడానికి కొంచెము సిగ్గు. పట్నంలో ఉర్దూ పత్రిక పొద్దున్నే గుమ్మంలో పడుతుంది, సాయంత్రం ఎక్కడో ఒక చోట ముషాయిరా ఉంటుంది, పెళ్ళికి, మయ్యత్‌కు పది నిమిషాలలో చేరవచ్చును. ఇక్కడ ఉన్నప్పటి నుండి మేము దగ్గరివారి జనాజాలు ఎన్నింటికో అందుకోలేకపోయినాము. బస్సు దిగి పరుగెత్తి పోయేవరకు మట్టి వేసి తిరిగి వస్తూ ఎదురైనారు. ఈ బాధ లెక్కలోకి రాదు గాని, తూకంలో బరువు చూపుతుంది.

ఇప్పుడు డబ్బు మాట. ఇక్కడ మేము 8 వేలు కిరాయి ఇస్తున్నాము. మూడు గదులు, వెనుక జామచెట్టు, నల్లా. పట్నంలో విచారిస్తే యాకుత్‌పురాలోనే రెండు గదుల పోర్షనుకు 11 వేలు చెప్పినారు. టోలిచౌకి వైపు 20 వేలకు తక్కువ మాట వినబడలేదు. రెండు నెలల అడ్వాన్సు వేరు. బండి పెట్టుకునే జాగా గురించి అడిగితే ఇంటి యజమాని మమ్ములను వింతగా చూసినాడు.

"సార్, మీకేం, పట్నంలో ఇంటి అద్దె భత్యం ఎక్కువ కదా" అని అంటుంటారు. 2021 వేతన సవరణలో హైదరాబాదుకు 24 శాతం, మన మహబూబ్‌నగర్ పట్టణానికి 17 శాతం పెట్టినారు. మూలవేతనం 60 వేలు అనుకుంటే అక్కడ 14,400, ఇక్కడ 10,200. తేడా 4,200. అదైనా ఎవరికి? హైదరాబాదులో పనిచేసేవానికి. భత్యం ఉద్యోగస్థలాన్ని బట్టి వస్తుంది గాని, భార్యాపిల్లలు నిద్రపోయే స్థలాన్ని బట్టి రాదు. కుటుంబాన్ని అక్కడ పెట్టి ఇక్కడ పనిచేసేవానికి వచ్చేది 17 శాతమే, కట్టేది పట్నం కిరాయి.

మరి బదిలీ చేయించుకోరాదా? రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉపాధ్యాయుని పోస్టు జిల్లా స్థానిక కేడరు పోస్టు. 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చి, 2021 డిసెంబరులో ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచినప్పుడు ఎవరు ఏ జిల్లాకు చెందినారో తేలిపోయినది. ఒక జిల్లా నుండి ఇంకొక జిల్లాకు పోవడం సెలవు చీటీ రాసినంత సులువు కాదు. పరస్పర బదిలీ కావలెనంటే అవతల అదే హోదా, అదే సబ్జెక్టు, అదే ఉర్దూ మాధ్యమం ఉన్న మనిషి దొరకవలెను. ఆ మనిషికి హైదరాబాదు విడిచి పాలమూరు రావలెనని బుద్ధి పుట్టవలెను. అట్లాంటి మహానుభావుడు ఎక్కడైనా ఉంటే సంఘం కార్యాలయంలో మా పేరు అడగగలరు.

ఇక మిగిలినది మన ఉపాధ్యాయులు "అప్ అండ్ డౌన్" అనే పద్ధతి. రోడ్డున వంద కిలోమీటర్లు. తెల్లవారి ఆరుకు ఇల్లు విడిచి, కాచిగూడలోనో ఫలక్‌నుమాలోనో బండి ఎక్కి, బడి గంట కొట్టేలోగా చేరవచ్చును. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఇషా అజాను అవుతుంది. దారిలో పోయేది రోజుకు 5 గంటలు అనుకుందాము. నెలకు 24 పనిదినాలు అయితే 120 గంటలు, అనగా నెలలో ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు మనిషి రైలులో ఉన్నట్టే. అమ్మీ కోసం పట్నం పోయి, అమ్మీ లేచేలోగా బయలుదేరి, ఆమె పడుకునే వేళకు చేరితే ఆమెకు కలిగే లాభమేమి? అప్ అండ్ డౌన్ చేసే మిత్రులను మేము తప్పుపట్టడం లేదు. వారిలో మాకంటె బాగా పాఠం చెప్పేవారు ఉన్నారు. కాని చివరి పీరియడులో ఉపాధ్యాయుడు ఎన్నిసార్లు గడియారం చూస్తాడో పిల్లలు లెక్కపెడతారు, ఈ సంగతి వారే మాకు చెప్పినారు. పైగా సాయంత్రం ఐదు నుండి ఆరు వరకు మా వరండాలో పదో తరగతి పిల్లలు కూర్చుంటారు. బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, ట్యూషనుకు డబ్బు లేనివారు. మేము నాలుగున్నర బండికి పరుగెత్తితే ఆ వరండా ఖాళీ. దీనిని మేము త్యాగమని చెప్పుకోవడం లేదు, ఉన్న సంగతి చెప్పుతున్నాము.

ఫ్లాటు కొనే సంగతి అడిగినవారికి రెండు మాటలు. తెలంగాణలో 2021 జూలైలో రిజిస్ట్రేషను ఖర్చు మొత్తం కలిపి ఏడున్నర శాతం చేసినారు. 50 లక్షల ఫ్లాటుకు 3 లక్షల 75 వేలు. దీనిని ముందే పక్కన పెట్టుకోక, బ్రోకరు చెప్పిన ధర ఒక్కటే చూసి బయానా ఇచ్చేవారు మనలో చాలామంది. మరికొందరు ఊరి చివర చవకగా వస్తున్నదని నోటరీ కాగితం మీద ప్లాటు తీసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందే. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెప్పుతుంది గాని, భూమి ఎవరిదో చెప్పదు. 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు పొంగి కింద ఉన్న బస్తీలలోకి నీళ్ళు వచ్చిన సంగతి మీకు గుర్తున్నది. అక్కడ మునిగినవారిలో గల్ఫులో చెమటోడ్చి కూడబెట్టిన డబ్బుతో కట్టుకున్నవారు ఉన్నారు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత చెరువుల హద్దులలో కట్టిన ఇండ్ల సంగతి ఎట్లా ఉన్నదో పత్రికలలో చూస్తూనే ఉన్నారు. చెరువు పూర్తి నీటిమట్టం ఎంతవరకో అడిగి తెలుసుకోనిదే చేయి చాపకండి. ఇక్కడి ప్లాటు అమ్మి అక్కడ కొనే ఆలోచన మాకు అసలు నచ్చలేదు. అమ్మినది మళ్ళీ దొరకదు.

"మీకు సొంత ఇల్లు ఉన్నది కదా, కిరాయి గొడవ ఎందుకు?" అని మీరు అనవచ్చును. మా భాయిజాన్ కూడా అదే అన్నారు. ముందు పోర్షనులో కిరాయికి ఉన్నవారు ఖాళీ చేసినారు, "వచ్చి ఉండు, నీ ఇల్లే" అని పిలిచినారు. అన్న పిలుపులో ప్రేమ ఉన్నది, సందేహం లేదు. మా శ్రీమతి మాత్రం ఒక్క మాట అడిగింది. "మీ ఇల్లు అంటే, అందులో మీది ఎంత?" అన్నది.

ఆ రాత్రి మేము కాగితం తీసినాము. ఇల్లు 120 గజాలు. అబ్బా పేరు మీద రిజిస్టరు అయినది, అప్పులు లేవు, వసీయతు లేదు. వారసులు అమ్మీ, ముగ్గురం అన్నదమ్ములము, ఇద్దరు ఆడబిడ్డలు. సూరా నిసా 11, 12 ఆయతుల ప్రకారం సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, అనగా అమ్మీకి 15 గజాలు. మిగిలిన 105 గజాలలో మగబిడ్డకు రెండు పాళ్ళు, ఆడబిడ్డకు ఒక పాలు. ముగ్గురికి ఆరు, ఇద్దరికి రెండు, మొత్తం ఎనిమిది పాళ్ళు. ఒక పాలు 13 గజాలు, మీద గజంలో ఎనిమిదో వంతు. మా వాటా 26 గజాల పావు. "సొంత ఇల్లు" అని ఇరవై ఏండ్లుగా ఈ ఊరిలో చెప్పుకుంటున్నది ఇదన్న మాట. మా తరగతి గది దీని కంటె పెద్దది.

ముందు పోర్షను కొలిస్తే దాదాపు 40 గజాలు ఉంటుంది. అందులో మేము పోయి కూర్చుంటే, మా 26 పోను మిగతా జాగా ఎవరిది? ఆపాది, చెల్లెలిది. ఆపా సంతోష్‌నగర్‌లో బాగానే ఉన్నది. చెల్లెలు కిషన్‌బాగ్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నది. భర్త ఆటో నడుపుతాడు. నెలకు 6 వేలు కిరాయి. పుట్టింటిలో 13 గజాల హక్కు ఉన్న మనిషి ఇంకొకరి ఇంటికి నెలనెలా కిరాయి కడుతున్నది, ఆమె జాగాలో మేము ఉచితంగా కాపురం పెట్టడానికి పోతున్నాము. ఈ మాట మేము గట్టిగా పలికినప్పుడు ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేదు.

మహల్లాలో గజం 70 వేలని ఒక బ్రోకరు చెప్పినాడు. అతని మాట సగం నమ్మినా, సగం నమ్మకపోయినా, ఆ ధరకు ఆడబిడ్డ ఒక పాలు 9 లక్షల 18 వేల 750 రూపాయలు. మన ఇండ్లలో ఏమి చేస్తున్నాము? తండ్రి నలభై రోజుల ఫాతిహా అయినాక ఆడబిడ్డలను పిలిచి, బిర్యానీ పెట్టి, చీర పెట్టి, "మాఫ్ చేసినావు కదా అమ్మా" అని అడుగుతాము. ఆమె తల వంచుకొని "చేసినాను భాయి" అంటుంది. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందనే భయంతో అన్న మాట అది. దానిని పట్టుకొని "మా ఆపా ఇచ్చేసింది" అని ఊరంతా చెప్పుకుంటాము. పరదా అవతల కూర్చున్నవారిలో ఈ చీర కట్టుకున్నవారు ఎందరున్నారో వారికే తెలియవలెను.

హిబాకు మూడు మెట్లు ఉన్నవని చదువుకున్నాము. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకుంటున్నానని చెప్పడం, స్వాధీనం చేయడం. ఈ మూడూ సరిగా ఉంటే రిజిస్ట్రేషను లేకపోయినా ముస్లింల హిబా చెల్లుతుందని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఈ తీర్పు మంచిదే గాని, నోటిమాట చాలునని మనవారు దానిని అడ్డం పెట్టుకుంటున్నారు. మా ఉద్దేశంలో, తన వాటా ఎంతో తెలియనిది, దానిని ఒక్కనాడు చేతిలో పట్టనిది, మాఫ్ చేసిన మాటకు విలువ లేదు. ముందు ఆమె పాలు ఆమెకు చూపించి, కాగితం ఆమె చేతికి ఇవ్వండి. ఆ తరువాత ఆమె ఇష్టం ఉంటే అన్నకు ఇస్తుంది, లేకపోతే అమ్ముకుంటుంది. అన్నదమ్ములు ధర కట్టి ఇవ్వగలిగితే అదీ మంచిదే. ఫతువా మేము ఇవ్వజాలము, ఉలమాను, వకీలును అడగండి.

ఈ మాట ఫోనులో ఎత్తినప్పుడు భాయిజాన్ కొంచెము కష్టపెట్టుకున్నారు. "అబ్బా ఉన్నంతకాలం చూసినది ఎవరు? పైన గదులు కట్టినది ఎవరు?" అన్నారు. న్యాయమైన మాటే. పైఅంతస్తు రెండు గదులు ఆయన తన సంపాదనతో కట్టినారు. ఆ కట్టడం విలువ ఆయనకే ముట్టవలెనని, దానిని పంపకంలో కలపరాదని మేము ముందే చెప్పినాము. తమ్ముడు అయితే "నా వాటా డబ్బు ఇచ్చివేయండి, ఎక్కడైనా పోతాను" అన్నాడు. జిద్దా నుండి వచ్చినప్పటి నుండి పైగదులలో ఒకదానిలో అయిదుగురు ఉంటున్నారు, వాని ఇబ్బంది వానిది. అమ్మీ మాత్రం అందరి మాటలు విని, "నేను బ్రతికి ఉండగానే లెక్క చూడండి. నా పదిహేను గజాలలో నా మంచం ఎక్కడ వేసుకోవలెనో కూడా చెప్పండి" అన్నారు. కోపంతో అన్నారో నవ్వుతూ అన్నారో ఫోనులో తెలియలేదు.

ఇంకొక ప్రక్క కూడా చూడవలెను. మహబూబ్‌నగర్ మనకు ఏమి ఇచ్చింది? ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టుకున్న ఊరు గనుక మనకు పరాయిది కాదని పెద్దలు అంటుంటారు. మేము ఆ చరిత్ర జోలికి పోము. మా పిల్లలు ఇక్కడ తెలుగులో కొట్లాడుకొని, ఉర్దూలో అలిగి, ఇంగ్లీషులో మార్కులు తెచ్చుకుంటున్నారు. కిరాణం కొట్టులో ఖాతా ఉన్నది. పక్కింటివారు బతుకమ్మనాడు సత్తుపిండి పంపుతారు, మేము ఈదునాడు షీర్‌ఖుర్మా పంపుతాము. పట్నంలో మా పాత మహల్లాలో ఇటువంటి ఇరుగుపొరుగు మా చిన్నతనంలో ఉండెను. ఇప్పుడు ఎవరి పోర్షను దర్వాజా వారిదే. మేము తిరిగి పోవలెనని కోరుకుంటున్న పట్నం సెహన్‌లో నిద్రపోయిన పట్నం. ఆ సెహన్ మీద ఇప్పుడు స్లాబు ఉన్నది.

ఇదంతా తూచి, ప్రస్తుతానికి మా ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చినాము. మేము ముందు పోర్షనులో దిగడం లేదు. కుటుంబమంతా ఈ సంవత్సరం ఇక్కడే. ఆ పోర్షనును మళ్ళీ కిరాయికి ఇచ్చి, వచ్చిన కిరాయిని పంపకం తేలేదాకా పాళ్ళ ప్రకారం పంచవలెనని మేము అడిగినాము. భాయిజాన్ రెండు రోజులు ఆలోచించి సరే అన్నారు. మొదటి నెల తన పాలు అందగానే చెల్లెలు ఫోను చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పిల్లల యూనిఫారాల ధరలు చెప్పింది.

పెద్దమ్మాయి దోస్తు దరఖాస్తులో కోఠీని మొదట పెట్టినది. సీటు వస్తే నానమ్మ గదిలో ఉండి చదువుతుంది. పగలు కళాశాల, రాత్రి అమ్మీకి తోడు. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టికెట్టు లేదు గనుక, శనివారం సాయంత్రం ఆమె ఇటు రావడానికి ఖర్చు లేదు. ఆమె రాని వారం మేము అటు పోతాము. గదిలో రెండో మంచం పడుతుందా లేదా అని అమ్మీ జానతో కొలిచి చూసినారట. పడుతుందట, కాని సందుకు పెట్టెను తలుపు వెనుకకు జరపవలెనట.

ఈ నెల ఆఖరి ఆదివారం యాకుత్‌పురాలో సర్వేయరు టేపు పట్టుకొని వస్తున్నాడు. ఆపాను, చెల్లెలిని కూడా రమ్మని మేమే స్వయంగా పిలిచినాము. బిర్యానీ ఉంటుంది, చీరలు మాత్రం పెట్టడం లేదు. ఆనాడు ఏమి తేలుతుందో తెలిసినాక, మా వద్దకు వచ్చి అడిగిన ఆ నలుగురు సభ్యులకు మళ్ళీ చెప్పుతాము.